మూడో అంతస్తు రీడింగులు

మార్చి 4, మంగళవారం

ఈరోజు మీటింగులో సార్ ఒక వార్త చదివి వినిపించాడు. వేరే ఊళ్ళో, అద్దె ఇంట్లో, ఒకావిడ కరెంటుతో నీళ్ళు కాగే షవర్ కింద నిలబడి ఉండగా షాక్ కొట్టి పోయింది. ఆ ఇంటికి సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది. ఇచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. అన్ని గళ్ళలోనూ టిక్కులే.

చదివి, పేపరు మడిచి, మన ఏజెన్సీ ఇచ్చిన సర్టిఫికెట్ కాదు లెండి, అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆ పేపరు అడిగి తీసుకుని మళ్ళీ చదివాను.

ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఫిబ్రవరి 11న నాలుగంతస్తుల బిల్డింగు ఒకటి కరెంటు చెకింగ్‌కి నాకూ బాబాయ్‌కీ పడింది. కింద రెండు అంతస్తులు, పైన నాలుగోది బాబాయ్ తీసుకున్నాడు. మూడోది నాది. (బాబాయ్ అంటే మా సీనియర్. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆఫీసులో అందరికీ బాబాయే.) 301 నిజంగానే చూశాను. కవర్లు విప్పాను, మీటరు పెట్టాను, రాశాను. 302కి తాళం. 303లో హాల్లో నిలబడి బోర్డు వంక ఒకసారి చూసి వచ్చేశాను. 304 తలుపు కొట్టాను, తీయలేదు. ఆ మూడింటికీ 301 రీడింగులే వేసేశాను. 0.42 ఉన్నచోట 0.44. 0.61 ఉన్నచోట 0.58. అనుమానం రాకుండా అటూ ఇటూ జరిపి.

ఎందుకు? ఆ రోజు మా ఆయన ఇరవై రెండు రోజుల తర్వాత లారీ దిగి ఇంటికి వస్తున్నాడు. నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలనిపించింది. అంతే. జ్వరం లేదు, చావు కబురు లేదు. తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని కూర్చోవాలనిపించింది.

మార్చి 5

ముద్ద దిగడం లేదు. ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. ఏదో చెక్‌పోస్టు దగ్గర లైన్లో ఉన్నాడు. విని, నేను మాత్రం పడుకున్న గంటలన్నీ ట్రిప్ షీట్లో నిజమే రాస్తున్నానా ఏంటి, అన్నాడు. నన్ను ఓదారుద్దామనే అన్నాడు పాపం. ఇప్పుడు నాకు రెండు భయాలు.

మార్చి 6, గురువారం

సార్ దగ్గరికి వెళ్ళి అబద్ధం ఆడాను. ఫిబ్రవరిలో నా మీటరు తేడాగా చూపించిందేమోనని డౌటుగా ఉంది, మూడో అంతస్తు ఒకసారి రీచెక్ చేస్తాను అన్నాను. కాగితం వెళ్ళిపోయింది, ఓనరు సంతోషంగా ఉన్నాడు, మూసిన డబ్బా మళ్ళీ ఎందుకు విప్పుతావమ్మా అన్నాడు. సగం రోజు లీవు పెట్టి నేనే వెళ్ళాను.

302లో కాలేజీ లెక్చరర్ ఉంటాడు. ఇంట్లోనే ఉన్నాడు. అన్నీ విప్పాను. అంతా బాగానే ఉంది. నా ముఖం చూసి ఆయనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

303. కరెంటు స్టవ్ స్విచ్ విప్పగానే వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసన నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. స్క్రూ లూజు. వైరు కొసన ఇన్సులేషన్ బెల్లం పాకం రంగుకి తిరిగిపోయింది. కాలిన ముక్క కత్తిరించి, కొత్త కొస తీసి, స్విచ్ మార్చి బిగించాను. స్క్రూ రెండుసార్లు కింద పడింది. ఇంకో నెల ఆగితే అంటుకునేది. ఆ గోడకి అటువైపు వాళ్ళ పిల్లల మంచం.

303 ఆవిడ టీచరు. పోయినసారి ఇవన్నీ చూడలేదేం మేడమ్ అంది. ఈసారి వివరంగా చూస్తున్నామండీ అన్నాను.

304 తలుపు కొట్టాను. లోపల కుట్టుమిషన్ చప్పుడు. కొట్టగానే ఆగిపోయింది. తలుపుకున్న కంటిరంధ్రంలో వెలుతురు ఆరింది. ఎవరో చూస్తున్నారు. పది నిమిషాలు కొట్టాను. తీయలేదు.

మార్చి 7

ఆఫీసుకి వెళ్ళేముందు పొద్దున్నే వెళ్ళాను. లోపల కుట్టుమిషన్. కొడితే నిశ్శబ్దం. చీటీ రాసి తలుపు కిందనుంచి తోశాను. 'సేఫ్టీ చెకింగ్. అయిదు నిమిషాలే. మీ మంచికే.'

చీటీ అలాగే తిరిగి బయటికి వచ్చింది.

మార్చి 8, శనివారం

303 టీచరు చెప్పింది. 304లో బేకరీలో చేసే అతను, అతని పెళ్ళాం ఉంటారు. అగ్రిమెంటు ఇద్దరికే. కానీ లోపల ఇంకా ఎవరో ఉన్నారట. పోయినేడు ఇలాగే చెకింగ్ పేరు చెప్పి ఓనరు తాలూకు మేనేజరు ఇళ్ళల్లోకి దూరి, మనుషుల్ని లెక్కపెట్టి, ఒక కుటుంబాన్ని వారంలో ఖాళీ చేయించాడట. అప్పట్నుంచి వీళ్ళు ఎవరొచ్చినా తీయరు.

అంటే నేను ఆ తలుపు అవతల దెయ్యాన్ని.

తలుపుకి నోరు ఆనించి, నేను ఓనరు మనిషిని కాదమ్మా, ఒట్టు, షవర్ స్విచ్ ఒక్కటి చూసి పోతాను అన్నాను. పక్క ఫ్లాట్ల వాళ్ళు తొంగి చూశారు. లోపల ఎవరో దగ్గారు. చాలాసేపు దగ్గారు.

మార్చి 9

ఆదివారం. పొద్దున స్నానానికి వెళ్ళి కుళాయి పట్టుకుని నిలబడిపోయాను. ఈపాటికి వాళ్ళు కూడా స్నానాలు చేస్తుంటారు.

మార్చి 10, సోమవారం, మధ్యాహ్నం 3

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పదకొండుకి వెళ్ళాను. పావుగంట కొట్టాను. తీయలేదు. కింద మెట్ల పక్కన మీటర్ల గది ఉంది. తాళం ఉండదు. పదహారు మీటర్లు, ఒక్కోదాని కింద ఒక్కో స్విచ్, పైన పెయింటుతో ఫ్లాటు నంబరు. 304 కరెంటు తీసేస్తే ఏమైందో చూడ్డానికి వాళ్ళే కిందికొస్తారు, అప్పుడు బతిమాలుకోవచ్చు అనుకున్నాను. అలా చేయకూడదని నాకు తెలుసు. ట్రైనింగులో మొదటిరోజు చెప్పేదే అది. స్విచ్ కిందికి లాగాను.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పైన తలుపు ధడేలుమంది. మెట్ల మీద ఉత్త కాళ్ళ చప్పుడు. ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. మెడలో కొలత టేపు, జుట్టులో దారం ముక్కలు. మిషన్, మిషన్ అని అరుస్తోంది. కుట్టుమిషన్ అనుకున్నాను. మీ మిషన్‌కి ఏం కాదమ్మా, ముందు నా మాట విను అంటూ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుని, మా అత్తకి ఊపిరి మిషనే, ఊపిరి మిషన్, అని అరిచింది.

ఎన్ని క్షణాలు పోయాయో. స్విచ్ పైకి వేశాను. ఆవిడ వెనకే మెట్లెక్కాను. మూడంతస్తులు ఎప్పుడెక్కానో తెలియదు.

హాల్లో తెర కట్టి, వెనక మంచం. మంచం మీద ఎండిన చిన్న ముసలమ్మ. ముక్కులో గొట్టం. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ బీప్ బీప్ మంటోంది. అప్పుడే మళ్ళీ మొదలైంది. కరెంటు పోతే వాడుకునే సిలిండరు మూలన ఉంది. ఖాళీదట. ముసలమ్మ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఇంకో అమ్మాయి ఆమెను కూర్చోబెట్టి వీపు రాస్తోంది. ముసలమ్మ కూతురు. మేం ముగ్గురం ఆ పెదాలే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి రంగు మారింది. ముసలమ్మ కళ్ళు తెరిచి, అందరిళ్ళల్లో పోయిందా మనకేనా, అంది.

నేనే తీశాను, అన్నాను.

కోడలు నా చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగా. ఆ తర్వాత ఏం చేయాలో ఆవిడకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. చెంప పట్టుకునే చెప్పాను. పోయిన నెల మీ ఇల్లు చూడకుండానే అంతా బాగుందని రాశానమ్మా, అప్పట్నుంచి నిద్ర లేదు, ఒక్కసారి బాత్రూమ్ చూడనివ్వు. ఆవిడ దారి వదిలి పక్కకి జరిగింది. చూసి చావు, అంది.

మార్చి 10, సాయంత్రం 6

మిగిలింది.

బాత్రూమ్ గుమ్మం దగ్గర మూడు జతల రబ్బరు చెప్పులు. షవర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని మేనేజరుకి మూడుసార్లు చెప్పారట. చెప్పులు వేసుకుని చెయ్యండి, అన్నాడట. అందుకని ఇంటిల్లిపాదీ చెప్పులతోనే స్నానం. ముసలమ్మ అసలు లోపలికే రాదు, తడిబట్టతో తుడిపించుకుంటుంది.

పైపు మీద మీటరు పెట్టాను. 87 వోల్టులు. నీళ్ళ పైపు మీద.

స్విచ్‌బాక్సు విప్పాను. ఎర్త్ వైరు, ఆకుపచ్చది, కత్తిరించి వెనక్కి మడిచి టేపు చుట్టి ఉంది. షాక్ తగిలితే మనిషిని కాపాడే వైరు అదొక్కటే. ఇంత పెద్ద షవర్‌కి వేయాల్సిన కేబుల్‌లో సగం లావు కూడా లేని కేబుల్ వేశారు. గోడలోకి పోయేచోట అది మెత్తబడి ఉంది. బోర్డులో, కరెంటు లీకయితే దానంతటదే పడిపోవాల్సిన ట్రిప్ స్విచ్ టెస్ట్ బటన్ నొక్కాను. పడలేదు. మళ్ళీ నొక్కాను. ఉత్త బొమ్మ.

నా కాగితంలో ఈ ఇంటి ఎర్త్ రీడింగు 0.44, అంటే భేషుగ్గా ఉన్నట్టు.

షవర్ కనెక్షన్ పూర్తిగా పీకేసి, కొసలు మూసి, గోడ మీద 'వాడొద్దు' అని రాశాను. స్టవ్ లైను చూశాను, అది బాగానే ఉంది. ట్రిప్ స్విచ్ నా సంచిలో ఉన్నది తీసి కొత్తది వేశాను. అది మార్చడానికి మళ్ళీ కరెంటు తీయాలి. ముందు కోడలు పరుగెత్తి నిండు సిలిండరు తెచ్చింది. మిషన్ ఆపి గొట్టం సిలిండరుకి తగిలించాక, సరే కానీ, అంది. ఈసారి అడిగి తీశాను.

వస్తుంటే ముసలమ్మ, ఈ పిల్లకి కాస్త టీ పొయ్యవే, అంది కోడలితో. కోడలు పొయ్యలేదు. పోసుంటే నేను తాగలేకపోయేదాన్ని.

మార్చి 11

షవర్లన్నీ ఒకే కాంట్రాక్టరు పెట్టాడు. ఒక ఇంట్లో ఎర్త్ కత్తిరించినవాడు ఇంకో ఇంట్లో ఎందుకు వదులుతాడు? 104, 204, 404 ఒకే వరస, ఒకే గోడ. అవి బాబాయ్ చూసినవి.

క్యాంటీన్లో పట్టుకున్నాను. బాబాయ్, ఆ బిల్డింగులో 4 వరస షవర్ బాక్సులు విప్పావా, అన్నాను. నవ్వాడు. టీ ఊదుకున్నాడు. నువ్వు విప్పావా అమ్మాయ్, అన్నాడు.

ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మార్చి 12

బాబాయ్ ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 12, సాయంత్రం

లెక్క చాలా తేలిక. నోరు మూసుకుంటే మూడో అంతస్తు క్షేమం. పైనా కిందా పన్నెండు ఇళ్ళు గాల్లో దీపం. ఆ పన్నెండు తలుపులు కొట్టి నా సంచితో నేనొక్కదాన్ని బాగుచేయలేను. నోరు తెరిస్తే బిల్డింగు మొత్తం మళ్ళీ చెక్ చేస్తారు, మేనేజరు పక్కనే ఉంటాడు, 304లో తెర వెనక మంచం చూస్తాడు.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఈసారి ఓదార్చలేదు. చాలాసేపు హారన్లు వినిపించాయి. ఏం చేస్తే నీకు అన్నం దిగుతుందో అది చెయ్యి, అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. రెండ్రోజులుగా నిజంగానే ఆపి పడుకుంటున్నాడట.

మార్చి 13, గురువారం

చేసిందంతా రాసి ఆఫీసులో కాగితం ఇచ్చేముందు 304కి చెప్పాలి. కనీసం అది.

ఈసారి తలుపు తీశారు. మొగుడు కూడా ఉన్నాడు, కనుబొమల మీద పిండి. చెప్పాను. రేపు రాసిస్తున్నాను, సోమవారానికల్లా రీచెక్‌కి వస్తారు, మేనేజరు ఉంటాడు అని. అతను గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కోడలు మాత్రం లేచింది. కాగితం మీద అబద్ధం రాసింది నువ్వు, రోడ్డున పడేది మేమా, అంది. ఊపిరి మిషన్ ఉన్న మనిషిని చూస్తే ఎవరిస్తారు ఇల్లు, ఎనిమిది ఇళ్ళు తిరిగాం, కరెంటు బిల్లు పెరుగుతుందనేవాడొకడు, ఇంట్లో చావు జరిగితే మళ్ళీ అద్దెకి పోదనేవాడొకడు, అందుకే కదా ఇద్దరమే అని రాసిచ్చి దొంగల్లా దాచుకున్నాం, అంది. మా షవర్ నువ్వే పీకేశావుగా, మాకిప్పుడు ఏ భయమూ లేదు, మమ్మల్నిలా వదిలెయ్యి, అంది.

పైన 404లో పసిపిల్లలున్నారమ్మా, అన్నాను.

నాకు తెలీదా, వాళ్ళ గౌన్లు కుట్టేది నేనే, అంది. అని ఏడ్చింది.

తెర వెనకనుంచి ముసలమ్మ, సోమవారం అంటే ఇంకెన్ని రోజులు, అంది. నాలుగు అన్నాను. నాలుగు రోజులు చాలులేవే, సామాను సర్దు, అంది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. పిల్లల మీద పాపం మనకెందుకు, అంది.

మార్చి 14

రాసిచ్చాను. ఒక పేజీ. మూడో అంతస్తులో మూడు ఇళ్ళు చూడకుండా రీడింగులు రాశాను, 304లో ప్రాణం పోయే లోపం ఉంది, అదే వరస ఇళ్ళన్నీ వెంటనే చూడాలి. కరెంటు తీసి మనిషి ప్రాణం మీదికి తెచ్చిన సంగతి కూడా రాశాను. బాబాయ్ పేరు రాయలేదు. చూస్తే తెలుస్తుంది.

సార్ చదివి, లేచి తలుపు వేసి వచ్చాడు. నీకు లైసెన్సు పోతుంది, నాకు కాంట్రాక్టు పోతుంది, బాగుపడేదెవరు, ఇంటికెళ్ళి పడుకుని రేపు రా, అన్నాడు. కేకలేమీ వేయలేదు. ముందే లైసెన్సు ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి స్టాంపు వేయించుకొచ్చాను సార్, అన్నాను. అప్పుడు కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలాడైపోయినట్టు కనిపించాడు.

గేటు దగ్గర బాబాయ్ ఎదురయ్యాడు. నా వంక చూడలేదు. ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్ ఆయనకి.

మార్చి 17, సోమవారం

నన్ను లోపలికి రానివ్వరు. ఎదురుగా టైర్ల షాపు అరుగు మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి రెండున్నర దాకా. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, నేనెరగని వాళ్ళు. ఒకతను మీటర్ల గదికి ముందే తాళం వేశాడు. నాకోసమే కావచ్చు.

సాయంత్రం 303 టీచరు చెప్పింది. 104, 404 రెండింటిలోనూ ఎర్త్ కత్తిరించి ఉందట. మొత్తం పదకొండు ఇళ్ళలో కేబుల్ సన్నదట. షవర్లన్నీ ఆపేశారు. ఓనరు కొత్త వైరింగు వేయించేదాకా కొత్తగా ఎవరినీ అద్దెకి పెట్టకూడదట. 404లో ట్రిప్ స్విచ్ అసలు వైరుకే కలపలేదట. పిల్లల తల్లి అది విని మెట్ల మీదే కూలబడిందట.

304 ఖాళీ. ఆదివారం పొద్దున్నే వెళ్ళిపోయారట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. మంచం ఒక్కటి వదిలేశారట.

మార్చి 18

ఎనిమిది ఇళ్ళు తిరిగాం అంది కదా. వాళ్ళకి దక్కకుండా పోయిన ఇళ్ళల్లో ఇది తొమ్మిదోది అయుంటుంది. నా పేరున.

మార్చి 21

లైసెన్సు సస్పెండ్. విచారణ మూడు నెలలంటున్నారు. ఆ పై సంగతి వాళ్ళ చేతుల్లో. ఉద్యోగం అదే రోజు పోయింది. సంచి అప్పగించమన్నారు. మీటరు నా సొంతది, అది నా దగ్గరే ఉంది.

బాబాయ్ తనంతట తానే సెలవు పెట్టాడట. ఇంటికి వెళ్ళాను. పిన్ని తలుపు తీసి, ఆయన పడుకున్నాడమ్మా, అంది. లోపల టీవీ మోగుతోంది.

మార్చి 29

మా ఆయన వచ్చాడు. రెండు రోజులు ఉన్నాడు. మంచి చీర కట్టుకోలేదు. వంట ఆయనే చేశాడు. నాలుగు ముద్దలు తిన్నాను.

ఏప్రిల్ 6

ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాను. ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిచ్చే షాపులు అయిదు ఉన్నాయి. అయిదింట్లోనూ అడిగి నా నంబరు ఇచ్చి వచ్చాను. ఎండిన చిన్న ముసలమ్మ, కోడలు బట్టలు కుడుతుంది, కొడుకు బేకరీ. మీరేమవుతారు అని అడుగుతున్నారు. ఏమని చెప్పను.

ఏప్రిల్ 7

వాళ్ళు దొరికితే ఏం చేస్తానో కూడా తెలియదు.

ఏప్రిల్ 15

ముసలమ్మకి ఏమైనా అయుంటే నాకు ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఏప్రిల్ 19, శనివారం, ఉదయం 10

కొత్త నంబరు నుంచి ఫోన్. కోడలు. హలో కూడా అనలేదు. ఒక ఇల్లు చూశాం, నలుగురినీ, మిషన్‌నీ చూపించే అడిగాం, సరేనన్నాడు, సాయంత్రం సంతకం, అంది. సర్టిఫికెట్ చూపించాడు, అన్నిటికీ టిక్కులున్నాయి, అంది. నాకు లైసెన్సు లేదమ్మా ఇప్పుడు, అన్నాను. వెనక మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఊపిరిది.

కాగితం ఎవరడిగారు, వచ్చి చూడు, అంది.

మీటరు తీసుకుని బయల్దేరుతున్నాను.